పీహెచ్ మీటరు కొనబోతున్న అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు పీహెచ్ మీటర్ల ఫొటోలు చూశాను. నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకే పీహెచ్: 7 నడిమధ్య, అంతకు దిగితే ఆమ్లం, పెరిగితే క్షారం. "వీటిలో ఏది కొనమంటావు పెదనాన్నా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అయితే రెండోది. నీళ్లలో ముంచే కొస ముక్కను, అంటే ఎలక్ట్రోడ్‌ను, ఊడదీసి కొత్తది పెట్టుకునే వీలుంది, పీహెచ్ తెలిసిన ద్రావణాల్లో ముంచి రెండు చోట్ల అంకెను సరిచేసుకోవచ్చు (దీన్నే క్యాలిబ్రేట్ చేయడం అంటారు), కచ్చితత్వం ఎంతో పెట్టె మీద దాచకుండా రాశారు. కానీ ఇంతటితో ఉత్తరం ఆపేస్తే నీ చేతికి మీటరు వస్తుంది గానీ, అది చూపించే అంకెను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు పక్కన పెట్టాలో తెలియదు. అది తెలియకే నేను ఒక కాపు మొత్తం పోగొట్టుకున్నాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు ఆ సంగతే చెబుతాను. నీళ్లలో మొక్కలు పెంచడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు. నాలుగు టబ్బుల్లో టమాటా వేశాను. చేతిలో పెన్నులాంటి మీటరు ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే ముంచి చూస్తే 6.2, ఒక్కోసారి 6.3. నీళ్లలో పెంచే మొక్కలకు 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు కదా, నిశ్చింతగా ఉన్నాను. అలాంటిది కొత్త చిగుళ్లు పాలిపోవడం మొదలైంది. ఆకు ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగం మాత్రం పసుపు. ముదురాకులకు ఏమీ కాలేదు. ఇనుము అందకపోతే కనబడే గుర్తు ఇదే. ఇనుము వేశాను, తగ్గలేదు. ఇంకాస్త వేశాను. ద్రావణం మొత్తం పారబోసి కొత్తది కలిపాను. రెండు రోజులు నయమనిపించి మళ్లీ మొదటికే వచ్చింది. ఇంత జరుగుతున్నా మీటరు మాత్రం 6.2 దగ్గరే నిలబడి ఉంది. ఎంత నిలకడగా చూపిస్తోందో, మంచిది కొన్నాను అనుకున్నాను కూడా.

ఒకరోజు మీటరును కడుగుతుంటే కుళాయి ధార కిందే దాని స్క్రీను మీద కన్ను పడింది. 6.2. మా కుళాయి నీళ్లు క్షారమని నాకు తెలుసు, 8కి దగ్గరగా ఉంటాయి. గుండె ఝల్లుమంది. గ్లాసుడు నీళ్లలో అరచెక్క నిమ్మకాయ పిండి ముంచాను. 6.1. అప్పుడు భూతద్దం తెచ్చి ఎండలో పెట్టి చూస్తే ఎలక్ట్రోడ్ కొసనున్న గాజు బల్బు మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు. కంటికి ఆనేది కాదు.

అమ్మలూ, ఇక్కడ జరిగేదేమిటంటే, ఆ పల్చటి గాజు పొరకు లోపల ఒక ద్రావణం, బయట మన నీళ్లు. రెండింటి మధ్య ఉన్న తేడా వల్ల చిన్న వోల్టేజీ పుడుతుంది. మీటరు కొలిచేది ఆ వోల్టేజీనే, మనకు చూపించేది మాత్రం పీహెచ్‌గా మార్చిన అంకె. గాజు పగిలితే లోపలిదీ బయటిదీ ఒకటైపోతాయి, వోల్టేజీ పుట్టదు. అప్పుడు దేంట్లో ముంచినా ఒకే అంకె, చాలాసార్లు 6కీ 7కీ మధ్య ఎక్కడో వస్తుంది. మనకు కావలసిన అంకె పక్కనే వచ్చి ఆగుతుందన్నమాట. ప్రాణం పోయిన మీటరు "అంతా బాగుంది" అనే చెబుతుంది. తర్వాత చుక్కల కిట్టుతో (చుక్కలు వేస్తే మారే రంగును బట్టి పీహెచ్ చెప్పేది) చూస్తే టబ్బుల్లో 7.5 ఉంది. నేను వేసింది ఈడీటీఏతో, అంటే ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనంతో, కట్టిన ఇనుము. పీహెచ్ 6.5 దాటితే ఆ కట్టు వదులవుతుంది, ఇనుము అడుగున మడ్డిలా దిగిపోతుంది గానీ వేరుకు అందదు. నేను వేసిన ఇనుమంతా ఆ మడ్డి పాలే.

అప్పటి నుంచి మీటరు కొనేటప్పుడు నేను చూసుకునేది ఒక్కటే. తప్పు చెప్పని మీటరు ఎక్కడా దొరకదు. తప్పు చెబుతున్నప్పుడు మనకు దొరికిపోయే మీటరు కావాలి. ఇక నీ మూడు ఫొటోలనూ ఆ కంటితోనే చూద్దాం.

మొదటిది, రెండు లోహపు చువ్వలు, పైన ముల్లు తిరిగే డయలు, బ్యాటరీ అక్కర్లేదని గొప్పగా రాసి ఉన్నది. దాన్ని కొనొద్దు. బాగుంటే కొను, చూసి కొను అనడం లేదు, అసలు కొనొద్దంటున్నాను. అందులో గాజు బల్బు లేదు. రెండు వేర్వేరు లోహాలను తడి మట్టిలో గుచ్చితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది, ఆ ముల్లు కదిలేది దానికే. మట్టి తడి పెరిగినా కదులుతుంది, ఎరువు ఉప్పు పెరిగినా కదులుతుంది, చువ్వ మీద తుప్పు పట్టినా కదులుతుంది. ఒకే కుండీలో నీళ్లు పోయకముందు, పోసిన తర్వాత గుచ్చి చూడు, రెండు సమాధానాలు చెబుతుంది. పీహెచ్ తెలిసిన ద్రావణంతో దాన్ని సరిచూసే దారి కూడా లేదు, సరిచేసే మీటా లేదు. అంటే తప్పు చెబితే పట్టుకోలేం. తోటపని కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల చేతికి ముందుగా వచ్చేది ఇదే కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. దాన్ని నమ్మి కుండీలో సున్నమో గంధకమో వేసి మొక్కల్ని పాడుచేసుకున్న వాళ్లను చూశాను.

మూడో ఫొటోలోది చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. రంగుల స్క్రీను, ఫోనుకు అంకెలు పంపుతుంది, ఒకే పెన్నులో నాలుగు కొలతలు. 0.01 వరకు చూపిస్తుందని పెద్ద అక్షరాలతో రాశారు. అక్కడే ఆగి ఆలోచించు. 0.01 అనేది అంకె ఎంత సన్నంగా కనబడుతుందో చెబుతుంది, ఎంత సరైనదో చెప్పదు. స్క్రీను మీద 6.03 అని రావచ్చు, కచ్చితత్వం ప్లస్ ఆర్ మైనస్ 0.2 అయితే అసలు విలువ 5.83 నుంచి 6.23 దాకా ఏదైనా కావచ్చు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో కచ్చితత్వం ఎంతని రాశారో చూడాలి. మన పనికి 0.1 సరిపోతుంది, 0.05 ఉంటే మరీ మంచిది, 0.02 ఉంటే సంతోషం గానీ మొక్కకు దానివల్ల వచ్చే తేడా ఏమీ లేదు. 0.2 అని ఉంటే వదిలెయ్. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పదిరెట్ల తేడా. అందుకని 0.2 చూడటానికి చిన్నదిగా ఉన్నా నిజానికి ఒకటిన్నర రెట్లు పైమాటే. అసలు కచ్చితత్వం ఊసే లేకుండా 0.01 అని మాత్రమే రాశారంటే, చెప్పుకోదగ్గది కాదు కాబట్టే రాయలేదనుకో.

ఆ మూడోదానికి నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం, దాని ఎలక్ట్రోడ్ మీటరులోనే అతికించి ఉండటం. ఎలక్ట్రోడ్ అరిగిపోయే వస్తువు. రోజూ వాడినా, అలమరలో పెట్టినా దానికి వయసు మీద పడుతూనే ఉంటుంది. ఇంట్లో మామూలుగా వాడితే ఏడాది, జాగ్రత్తగా చూసుకుంటే రెండేళ్లు. ఆ తర్వాత గాజు మందకొడిగా తయారవుతుంది, పోల్చి చూడటానికి లోపల ఉండే ఉప్పు ద్రావణం (రిఫరెన్స్ ద్రావణం) పల్చబడుతుంది. ఎలక్ట్రోడ్ అతికించి ఉంటే ఆ రోజున మీటరు మొత్తం చెత్తబుట్టలోకి పోవాల్సిందే. అలా పారేయడానికి ఎవరికైనా చెయ్యి రాదు. అందుకే పోయిన మీటరునే "ఇంకా పనిచేస్తోందిలే" అని వాడుతూ ఉంటాం. మార్చుకునేదయితే ఆ తటపటాయింపు ఉండదు. కొనేముందు దానికి సరిపోయే ఎలక్ట్రోడ్ విడిగా అమ్ముతున్నారో లేదో కూడా చూసుకో. మార్చుకోవచ్చని రాసి, ఆ ముక్క ఎక్కడా దొరకని మీటర్లు కూడా ఉన్నాయి. కొత్త ఎలక్ట్రోడ్ తీసుకునేటప్పుడు తయారైన తేదీ చూడు. చవకగా వచ్చిందని రెండు మూడు కొని దాచుకోకు, వాడకపోయినా పాతబడతాయి.

ఇంకోటి, ఎలక్ట్రోడ్ వివరాల్లో డబుల్ జంక్షన్ అని ఉంటే ఎంచుకో. గాజు బల్బు పక్కనే చిన్న సచ్ఛిద్రమైన ముక్క ఒకటి ఉంటుంది. లోపలి ద్రావణం బయటి నీళ్లను తాకేది దాని గుండానే. అక్కడ మడ్డి పడితే రీడింగు ఊగిసలాడుతుంది. సేంద్రియ ద్రావణాలు, చేపల ఎరువు లాంటివి వాడితే ఇది త్వరగా పూడుకుపోతుంది. రెండు గదులున్నది ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

నీళ్లలో పడినా తట్టుకోవాలి, ఐపీ67 అని ఉంటే చాలు. టబ్బులో పడేయని వాళ్లంటూ ఉండరు. బ్యాటరీలు మామూలుగా దొరికేవి అయి ఉండాలి. ఈసీ (నీళ్లలో లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) కూడా అందులోనే ఉంటే వద్దనను గానీ దానికోసం డబ్బు ఎక్కువ పెట్టకు. పీహెచ్ ముక్కే ముందు పోతుంది, అప్పుడు బాగున్న ఈసీ కూడా మూలకు చేరుతుంది.

ఏటీసీ అని రాసి ఉంటుంది, ఉష్ణోగ్రతను బట్టి తానే సర్దుకునే ఏర్పాటు. చాలామంది దాన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటారు కాబట్టి చెబుతున్నాను. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు ఎలక్ట్రోడ్ ఇచ్చేది సుమారు 59 మిల్లీవోల్టులు, 10 డిగ్రీల దగ్గర 56. ఏటీసీ సరిచేసేది ఆ ఎలక్ట్రోడ్ తేడాను మాత్రమే. నీళ్ల ఉష్ణోగ్రత మారినప్పుడు నీళ్ల పీహెచ్ నిజంగానే కాస్త మారుతుంది, దాన్ని అది వెనక్కి తిప్పదు. మనం తిరిగే 5.5, 6.5 అంకెలు 7కు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి ఉష్ణోగ్రత వల్ల వచ్చే తప్పు చిన్నదే. ఉంటే మంచిది, దానికోసం మిగతావి వదులుకోకు.

ఇప్పుడు అసలు మాటకొస్తున్నాను. మీటరు కన్నా ముందు బఫర్లు కొను. పీహెచ్ ఇంతే అని తెలిసిన ద్రావణాలవి. నీకు రెండు కావాలి, ఒకటి 7.00 లేదా 6.86, రెండోది 4.00 లేదా 4.01. మన మొక్కల అంకెలన్నీ ఈ రెండింటి మధ్యే పడతాయి. 9.18, 10.01 అని కూడా అమ్ముతారు గానీ మనకు అక్కర్లేదు. పైగా ఆ క్షార బఫరు గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని దిగిపోతూ ఉంటుంది. పొడి పొట్లాలు అయితే దాని మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటరులోనే కలపాలి, కుళాయి నీళ్లలో కలిపితే అది బఫరు కాదు. సీసా మీద తెరిచిన తేదీ రాసుకో. ముంచడానికి చిన్న గ్లాసులోకి వంచుకో, వాడాక మళ్లీ సీసాలో పొయ్యకు. నలకలు గానీ బూజు గానీ కనబడితే మొత్తం పారబోసెయ్.

మీటరు వచ్చిన రోజున ఆత్రంగా టబ్బులో ముంచకు. దారిలో గాజు ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రోడ్ టోపీలో స్టోరేజ్ ద్రావణం (ఎలక్ట్రోడ్ ఎండకుండా దాచే ఉప్పు ద్రావణం) పోసి కనీసం అరగంట, వీలైతే రాత్రంతా నాననివ్వు. టోపీ చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి కనబడితే పగిలిందని కంగారు పడకు, లోపలి పొటాషియం క్లోరైడ్ ఉప్పు బయటికొచ్చి ఆరిందంతే, నీళ్లతో కడిగితే పోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటరుతో కడిగి, మెత్తటి కాగితంతో అద్ది (రుద్దొద్దు, రుద్దితే గాజు మీద స్థిర విద్యుత్తు చేరి రీడింగు తప్పుతుంది) 7 బఫరులో ముంచి క్యాలిబ్రేట్ చెయ్. మళ్లీ కడిగి 4లో ముంచి అక్కడ కూడా చెయ్.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నువ్వు ఆగకు. మళ్లీ కడిగి, ఏ మీటా నొక్కకుండా, వెనక్కి 7లో ముంచి చూడు. 6.95 నుంచి 7.05 లోపల చూపించాలి (నీది 6.86 బఫరయితే ఆ అంకెకు 0.05 అటూ ఇటూ). ఇంకోటి గడియారం చూస్తూ గమనించు. మంచి ఎలక్ట్రోడ్ అర నిమిషంలో అంకె దగ్గరకు వచ్చి నిలబడుతుంది. రెండు మూడు నిమిషాలైనా పాకుతూనే ఉంటే అది ముసలిది, కొత్త పెట్టెలో వచ్చినా సరే. మర్నాడు క్యాలిబ్రేట్ చేయకుండా మళ్లీ రెండింట్లోనూ ముంచు. ఒక్క రాత్రిలో 0.1 కంటే ఎక్కువ జరిగిందంటే మొహమాటపడకుండా వాపసు చెయ్. వాపసు గడువు లోపలే ఈ పరీక్ష అయిపోవాలి, పెట్టె పారేయకు.

నీ మీటరు మిల్లీవోల్టులు కూడా చూపించేదయితే నీ పని ఇంకా తేలిక. 7లో సున్నా దగ్గర, ముప్ఫై అటూ ఇటూ ఉండాలి. 7.00 బఫరుకీ 4.00 బఫరుకీ మధ్య తేడా 25 డిగ్రీల దగ్గర 177 ఉండాలి, 165 పైన ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. కొన్ని మీటర్లు దీన్నే స్లోప్ అని శాతంలో చూపిస్తాయి. 95 పైన ఉంటే బాగున్నట్టు, 85కి దిగితే మార్చే సమయం వచ్చినట్టు. నెలకోసారి ఈ అంకె నోటుబుక్కులో రాసుకుంటే ఎలక్ట్రోడ్ ముసలిదవుతున్న సంగతి ముందే తెలుస్తుంది. నా దగ్గర అలా నాలుగు ఎలక్ట్రోడ్ల లెక్క ఉంది.

ఒక చిన్న సంగతి, నాకు ఇష్టమైనది కాబట్టి రాస్తున్నాను. ఈ పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హేగన్‌లో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. తేలిగ్గా వాడుకునే మీటరు మాత్రం పాతికేళ్ల తర్వాత వచ్చింది. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ నిమ్మరసం పులుపు కొలవడానికి చేసి ఇచ్చాడు. పండ్ల పనికోసం పుట్టిన వస్తువు మళ్లీ మన మొక్కల దగ్గరకే చేరింది.

ఇక వాడకం. ఎలక్ట్రోడ్‌ను ఎప్పుడూ ఎండనివ్వకు, డిస్టిల్డ్ వాటరులో మాత్రం దాచకు. శుభ్రమైన నీళ్లే కదా అనిపిస్తుంది, కానీ అది లోపలి ఉప్పును లాగేసుకుంటుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు టోపీలో ఉండాలి. అది అయిపోయిన రోజున 4 బఫరు పోసిపెట్టు, ఒకటి రెండు రోజులకు పరవాలేదు. పోషకాలన్నీ కలిపి, బాగా తిప్పి, ఆ తర్వాతే పీహెచ్ కొలువు. ఉత్త ఆర్‌ఓ నీళ్లలో గానీ వాన నీళ్లలో గానీ ముంచితే అంకె నిలవదు, అందులో లవణాలు లేక ఎలక్ట్రోడ్ తడబడుతుంది. అది మీటరు తప్పు కాదు. ఆమ్లం కలిపాక కూడా పావుగంట ఆగి మళ్లీ చూడు. ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లను ఆమ్లంలో పొయ్యకూడదు, కళ్లద్దాలు మరవకు.

కుండీల మట్టి కూడా ఇదే మీటరుతో చూసుకోవచ్చు, కానీ గాజు బల్బును మట్టిలో గుచ్చావంటే నా టమాటా కథ నీకూ జరుగుతుంది. పైన రెండు అంగుళాల మట్టి పక్కకు తీసి, వేళ్ల మట్టంలో రెండు మూడు చోట్ల నుంచి కాస్త తీసుకుని ఆరబెట్టు. ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటరు పోసి కలుపు. అరగంట వదిలెయ్, మధ్యలో రెండుసార్లు కలుపు. మట్టి దిగాక పైన తేరుకున్న నీళ్లలో ముంచి చూడు. ప్రతిసారీ అదే కొలతతో చెయ్, లేకపోతే పోయిన నెల అంకెతో పోల్చడానికి వీలుండదు. మట్టిలో పెరిగే చాలా మొక్కలకు 6 నుంచి 7 బాగుంటుంది. నీళ్లలో కంటే కాస్త ఎక్కువ కదా అని దాన్ని దించే ప్రయత్నం చేయకు.

వారానికోసారి 7 బఫరులో ముంచి చూడు, తేడా వస్తే క్యాలిబ్రేట్ చెయ్. కింద పడినప్పుడు వెంటనే చూడు. టబ్బులో అంకె ఉన్నట్టుండి ఎగిరినప్పుడు ఆమ్లం సీసా అందుకునే ముందు చూడు. అన్నిటికన్నా ముఖ్యంగా, వారం పది రోజులుగా అంకె కదలకుండా ఉంటే చూడు. బతికున్న మొక్క నైట్రేటు తాగుతుంటే పీహెచ్ పైకి జరుగుతుంది, అమ్మోనియం తాగితే కిందికి దిగుతుంది. పెరుగుతున్న మొక్క ఉన్న టబ్బులో పీహెచ్ కదలకపోవడం అరుదు.

చుక్కల కిట్టు ఒకటి కూడా కొని పెట్టుకో. పరీక్షగొట్టంలో నీళ్లు పోసి మూడు చుక్కలు వేస్తే రంగు మారుతుంది, పసుపయితే 6 చుట్టుపక్కల, పచ్చదనం నీలంలోకి తిరిగితే 7 దాటినట్టు. సన్నటి అంకె చెప్పలేదు గానీ దానికి క్యాలిబ్రేషన్ లేదు, పగిలే గాజు లేదు. మీటరూ చుక్కలూ ఒక అంకె కన్నా ఎక్కువ తేడా చెప్పాయంటే అనుమానించాల్సింది మీటరునే. డబ్బులకు ఇబ్బందిగా ఉంటే ఈ నెల చుక్కల కిట్టు, బఫర్లు కొనుక్కో, మీటరు వచ్చే నెల కొనుక్కోవచ్చు. నాసిరకం మీటరు మాత్రం ఇప్పుడే కొనకు.

మీటరు రాగానే నేను చెప్పిన ఆ పరీక్ష చేసి, మొదటిరోజు 7లో, 4లో, వెనక్కి 7లో వచ్చిన అంకెలు, మర్నాడు వచ్చిన అంకెలు, ఎన్ని సెకన్లకు నిలబడిందో అంతా ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. చూసి, ఉంచుకోవాలో వాపసు చెయ్యాలో చెబుతాను. అప్పటిదాకా టబ్బుల్లో ఆమ్లం గానీ క్షారం గానీ ఏమీ కలపకు.

ఉంటాను.
పెదనాన్న